ఆ ఇంట్ల ఒప్పుకున్నరు

“దాన్ని ముట్టకు శోభా! ఎవలు పోసిన్రో ఆళ్లే వచ్చి ఎత్తాలె!”

చీపురు పట్టుకుని వంగిన శోభ అలాగే ఆగిపోయింది. వాకిట్లో చెత్త కుప్పగా పడి ఉంది. కుళ్లిన టమాటాలు, పాలిథిన్ కవర్లు, కోడి ఈకలు, ఎవరిదో తెగిన చెప్పు. పొద్దున తలుపు తీసేసరికే ఉంది. ఎండ ఇంకా ఎక్కకముందే వాసన ఇంట్లోకి కొడుతోంది.

ఆమె అత్త పూలమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని బస్తీ మొత్తానికి వినపడేలా తిడుతోంది.

“ఎత్తకపోతే ఎట్ల అత్తా? వచ్చేటోళ్లు పోయేటోళ్లు చూస్తున్నరు.”

“చూడనీ. ఓట్లేసినోళ్లే కదా పోసింది! చూసి సిగ్గుపడనీ.”

సిగ్గుపడే సూచనలు ఎవరి ముఖంలోనూ లేవు. బిందెలతో పోయే ఆడవాళ్లు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఇంటి వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా సాగిపోతున్నారు. తిట్టిపోసినా శోభకు ఇంత బాధ ఉండేది కాదు.

నిన్న సాయంత్రం మున్సిపాలిటీ మనుషులు వచ్చి ఈ జెండా బస్తీ బోరింగు జాగ చుట్టూ సున్నంతో గీత గీసి పోయారు. ఏమిటని అడిగితే చెత్త యార్డు అన్నారు. ఎర్రవాగు పట్టణంలోని చెత్తంతా ఇక ఇక్కడికే వస్తుందట. ఎవరు పెట్టమన్నారని అడిగితే, “మీ కౌన్సిలరమ్మే. తీర్మానం అయిపోయింది” అని టేపు చుట్టుకుని వెళ్లిపోయారు. ఆ కౌన్సిలరమ్మ శోభే. బస్తీలో బావులు ఎండి చాలా కాలమైంది. ఎండాకాలం కూడా నీళ్లు పడేది ఆ ఒక్క బోరింగులోనే.

నైట్ షిఫ్టు ముగించుకుని శోభ భర్త భూపాల్ అప్పుడే సైకిల్ దిగాడు. ఎంత కడిగినా పోని బొగ్గు, కళ్ల చుట్టూ కాటుకలా మిగిలి ఉంది.

“ఏందిది?”

“మనకు చేసిన సన్మానం,” అంది శోభ.

భూపాల్ కుప్ప చుట్టూ తిరిగి చూశాడు. కాలితో చెప్పును పక్కకు నెట్టాడు. “సంతకం పెట్టేటప్పుడు జర సూస్కోవాలె శోభా.”

“నేను ఏం సూడాలె బావా? ‘పొయ్యి మస్టర్ ఏసి రా’ అన్నవు. ఏసి వచ్చిన.”

భూపాల్ సైకిల్ స్టాండు వేశాడు. తను అలా అన్న మాట నిజమే మరి.

మస్టర్ అంటే గని దగ్గర హాజరు. కొందరు యూనియన్ లీడర్లు పొద్దున మస్టర్ వేయించుకుని, గనిలోకి దిగకుండా, యూనియన్ పనుల పేరుతో ఊరంతా తిరిగి వస్తారు. ఆ బొగ్గు బెల్టులో దాన్ని ఎవరూ తప్పనుకోరు. భూపాల్ తనకున్న చిన్న యూనియన్ పదవిలో అది నేర్చుకుని, భార్యకూ నేర్పాడు. కౌన్సిల్ హాల్లో అడుగు పెట్టగానే రిజిస్టరులో సంతకం, కాసేపు కుర్చీ, చాయ్, రెండు బిస్కెట్లు, తర్వాత ఇల్లు. గని కార్మికుడి కూతురై పుట్టి గని కార్మికుణ్ణే చేసుకున్న శోభకు అందులో వింత ఏమీ కనిపించలేదు. గనిలో మస్టర్ వేసి దిగకపోతే ఆ మనిషి బొగ్గు అక్కడే ఉంటుంది. కౌన్సిల్లో మస్టర్ వేసి లేచిపోతే ఆ మనిషి మాట ఇంకొకరు మాట్లాడేస్తారు. ఈ తేడా శోభకు నిన్నటి దాకా తెలియదు.

అసలు ఆమె కౌన్సిలర్ అయిందే వార్డు ఆడవాళ్లకు రిజర్వు కావడం వల్ల. పోటీ చేయాలని ముచ్చటపడ్డది భూపాల్, నామినేషన్ వేసింది శోభ. గెలిచాక బస్తీ అంతా ‘కౌన్సిలర్ సాబ్’ అని పిలిచేది మాత్రం భూపాల్‌నే. ఎజెండా కాగితాలు తెచ్చే అటెండరు కూడా శోభ ఎదురుగా నిలబడి ఉన్నా, “సాబ్ లేడా అక్కా?” అని అడిగి మరీ ఆయన చేతికే ఇస్తాడు.

“సలాం,” అని గేటు దగ్గర గొంతు వినిపించింది.

బద్రుద్దీన్. స్కూటర్ మెకానిక్. చౌరస్తాలో తెలంగాణ దీక్షా శిబిరం పక్కనే అతని షెడ్డు. వార్డు కమిటీలో పెద్ద మనిషి. శోభ గెలిచిన రోజు ఆమె తల మీద చేయి పెట్టి దీవించినవాడు. ఇవాళ కుప్పను తప్పుకుంటూ వచ్చాడు కాని కుర్చీ వేసినా కూర్చోలేదు.

“నిన్న చీకటి పడేదాంక మున్సిపాలిటీ కాడ్నే ఉన్న బేటీ. పూరా మాలూమ్ చేసుకొని వచ్చిన.”

“చెప్పు చాచా.”

“నీకు పంపిన ఎజెండాల ఈ ముచ్చట లేదు. ఆఖర్ల టేబుల్ ఎజెండా అని తీసిన్రట. అంటే అప్పటికప్పుడు బల్ల మీద పెట్టి చదివేది. అప్పటికి సగం కుర్సీలు ఖాళీ. ఏ వార్డు పనైతే ఆ వార్డు మెంబరు ఊ అనాలె, అది ఆళ్ల రివాజు. ‘మెంబరు ఏది?’ అని చైర్మన్ అడిగిండట. నువ్వు లేవు.”

“ఇంటికి వచ్చిన.”

“అప్పుడు ముత్యం లేసిండట.”

ముత్యం పక్క వార్డు కౌన్సిలర్. ఎవరి పనైనా తన పనిగా తిరిగేవాడు, ఏ పని ఎవరి కోసమో చివరి దాకా తెలియనివ్వడు.

“లేసి ఏమన్నడు?”

“‘ఆ ఇంట్ల ఒప్పుకున్నరు, రిజిస్టర్ల దస్కత్ గూడ ఉన్నది’ అన్నడు. అంతే. అందరు బల్లలు గుద్దిన్రు. ఏకగ్రీవం.”

అప్పటిదాకా తిడుతున్న పూలమ్మ చెంబు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

“ఇంట్ల అంటే ఎవలు చాచా?”

“నన్నడుగుతవేంది బేటీ? ఇల్లు నీది.”

శోభ భర్త వైపు చూసింది. భూపాల్ సైకిల్ స్టాండు సరిచేస్తున్నాడు. అది ఇందాకే సరిగ్గా ఉంది.

“ఇప్పుడు ఏం చెయ్యాలె?” అంది.

“వచ్చే మీటింగుల పోయిన మీటింగు తీర్మానాలు చదివి ఖాయం చేస్తరు. చదవంగనే నువ్వు లేసి ‘నేను లేను, నేను ఒప్పుకోలె’ అని రాయించాలె. ఒట్టి నోటితోని అంటే ఎవలు ఇనరు. వార్డు కమిటీ తీర్మానం నీ చేతిల ఉండాలె. సాయంత్రం బడిల కమిటీ పెడుతున్నం. కని కమిటీకి ముందు ఒక మాట తెల్వాలె. ఇంట్ల ఒప్పుకున్నది ఎవలు?”

“అది తెల్వకపోతే తీర్మానం రాయరా?” అన్నాడు భూపాల్.

“రాస్తే ఏం ఫాయిదా భూపాల్? ఇయ్యాల మేమొక మాట రాస్తం. రేపు ఈ ఇంట్లకెళ్లే ఇంకో మాట పోతది. ఎవలు దస్కత్ పెడుతరు?”

అతను వెళ్లిపోయాక శోభ చీపురు తీసుకుని కుప్పనంతా తనే ఎత్తింది. ఈసారి పూలమ్మ వద్దనలేదు.

*

బోరింగు దగ్గర వరసలో ఎప్పుడూ శోభకు చోటుండేది. బద్రుద్దీన్ భార్య ఆసియా తన బిందె వెనుక ఒక ఇటుక పెట్టి, “ఇది మా శోభది” అనేది. ఇవాళ ఇటుక లేదు. శోభ వెళ్లి చివర నిలబడింది. అప్పటిదాకా గలగల సాగిన మాటలు టక్కున ఆగిపోయాయి.

“ఆసియా చాచీ, నీళ్లు మంచిగ పడుతున్నయా?”

“పడుతున్నయి. ఇంకెన్ని దినాలు పడుతయో మీకే ఎర్క.”

మీకు అంది. నిన్నటిదాకా ‘నువ్వు’. ఆ ఒక్క మర్యాదకు శోభ కళ్లలో నీళ్లు తిరిగాయి. సున్నం గీత సరిగ్గా బోరింగు గద్దె పక్క నుంచి పోయింది. ఆడవాళ్లందరూ దాన్ని తొక్కకుండా దాటుతున్నారు, ఎందుకో వాళ్లకే తెలియదు.

వరస వదిలేసి ఖాళీ బిందెతో తిరిగొస్తూ శోభ లెక్కలు వేసుకుంది. ఎజెండా ముందు చదివేది భూపాల్. ముత్యంతో చాయ్ తాగేది భూపాల్. మీటింగు నడుస్తుండగా ఫోన్ చేసి ఇంటికి రమ్మన్నదీ భూపాలే. మొగుడి మీద ఇలా వరసగా అనుమానాలు పేర్చుకుంటూ పోవడం ఆమెకు నచ్చలేదు. కాని ప్రతిదీ దాని చోట్లో సరిగ్గా కూర్చుంటోంది.

భూపాల్ మంచం మీద వాలి ఉన్నాడు. నిద్రపోలేదు.

“బావా, ఆ దినం నన్నెందుకు పిలిచినవు?”

“ఏ దినం?”

“తెల్వనట్టు అడుగకు. పోయిన వారం, మీటింగు దినం. ‘జల్ది రా, డ్యూటీకి పోవాలె, గిన్నె కట్టాలె’ అన్నవు. రెండో షిఫ్టు నీకు కొత్తనా? అత్త ఇంట్లనే ఉన్నది. నాలుగు మెతుకులు గిన్నెల పెట్టి మూత పెట్టెతందుకు కౌన్సిలర్ కావాల్నా?”

“అవ్వనే చెయ్యమన్నది ఫోను. చేతులు గుంజుతున్నయి, శోభను పిలువు అన్నది.”

“ముసలిదాని మీదికి తోస్తున్నవా?”

భూపాల్ లేచి కూర్చున్నాడు. “నేను ముత్యంకు అమ్ముడుపోయిననుకుంటున్నవా?”

“అనుకుంటలేను. అడుగుతున్న.”

“రెండూ ఒకటే. నువ్వు గూడ బస్తోళ్ల లెక్కనే మాట్లాడుతున్నవు.”

“బస్తోళ్లు గెలిపిస్తేనే కదా నిన్ను సాబ్ అంటున్నరు!”

ఆ మాట తగిలింది. భూపాల్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తప్పు చేసినవాడు కూడా అలాగే తిరుగుతాడు, మనసు నొచ్చినవాడు కూడా అలాగే తిరుగుతాడు. వీపును చూసి ఏదో చెప్పడం ఎవరి వల్లా కాదు.

*

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ అయింది. గూట్లో గిన్నెలు గలగలలాడాయి. అత్తాకోడళ్లు ఎదురెదురుగా కూర్చుని తింటున్నారు. పూలమ్మ అన్నం కలుపుతోంది కాని ముద్ద నోటికి పోవడం లేదు. ఆ చేతులను శోభ చూస్తూనే ఉంది. పొద్దున నడుము మీద పెట్టి అంతసేపు బస్తీని తిట్టినప్పుడు అవి ఏమీ గుంజలేదు.

“యార్డు అంటే గింత లొల్లి ఎందుకో,” అంది పూలమ్మ ఉన్నట్టుండి. “బోరింగును జర పక్కకు జరుపుతరట. చుట్టూ గోడ కడుతరట. గేటు కాడ ఒక మనిషిని గూడ పెడుతరట.”

శోభ చేయి కంచంలోనే ఆగింది.

“ఎవలు చెప్పిన్రు అత్తా?”

పూలమ్మ నీళ్లు తాగింది. గ్లాసు దించకుండా అలాగే పట్టుకుంది.

“గేటు సంగతి బద్రుద్దీన్ చాచా చెప్పలే. సున్నం పోసినోళ్లు చెప్పలే. నీకెవలు చెప్పిన్రు?”

“ముత్యం.”

“ఎప్పుడు?”

“మీటింగుకు ముందు. మీరిద్దరు లేనప్పుడు వచ్చిండు.” పూలమ్మ గ్లాసు కింద పెట్టింది. “గేటు కాడ మనిషిగ ప్రశాంత్‌ను పెట్టిస్తన్నడు. మున్సిపాలిటీ నౌకరి. నీడ పట్టున కూసునే పని.”

ప్రశాంత్ ఆమె చిన్న కొడుకు. ముప్పై దగ్గరపడుతున్నా పని లేదు, పెళ్లి లేదు. బసంత్‌నగర్ లారీల దగ్గర కొన్నాళ్లు, ఆటో మీద కొన్నాళ్లు. ఈ మధ్య ముత్యం బండి మీద వెనకాల కూర్చుని తిరుగుతున్నాడు. శోభ అది చూసింది కాని దాని గురించి ఆలోచించలేదు.

“ఒక్క నౌకరి కోసం బస్తీ నీళ్లల్ల చెత్త పోయిస్తవా అత్తా?”

“నీకు ఒక్క నౌకరి!” పూలమ్మ కంచం పక్కకు నెట్టింది. “మీ మామ గనిల అన్‌ఫిట్ అయినప్పుడు ఆయన బదులు కొడుకుకు వచ్చింది గూడ ఒక్క నౌకరే. పెద్దోనికి ఇప్పిచ్చిన. చిన్నోనికి తర్వాత చూస్తం అన్నరు. తర్వాత డిపెండెంటు నౌకర్లే బంద్ పెట్టిన్రు. వాడు నా మొకం చూసినప్పుడల్లా ‘నాకేమిచ్చినవు అవ్వా’ అని అడుగుతున్నట్టే ఉంటది. నోరు తెరిచి అడిగితే గూడ బాగుండు. అడుగడు.”

ఆ ముఖం చూస్తే శోభకు జాలేసింది. జాలితో పాటే ఒళ్లు మండింది కూడా.

“నీ కొడుకుకు ఇచ్చెతందుకు నా పేరే దొరికిందా? నేను నీ తమ్ముని బిడ్డను అత్తా. పొద్దుగాల నా వాకిట్ల చెత్త పోస్తే, అందరి కంటే ఎక్కువ నువ్వే తిట్టినవు!”

“భయానికి తిట్టిన.”

“నన్ను ఇంటికి పిలిపిచ్చింది నువ్వేనా?”

పూలమ్మ తల ఊపింది. “ముత్యం చెప్పిండు. ‘కోడలు హాలుల ఉంటే లేసి అడ్డం మాట్లాడుతది, జర ఇంట్ల పని పెట్టు’ అన్నడు.”

“బావకు ఎర్కనా ఇది?”

పూలమ్మ కింద పడ్డ మెతుకులు ఏరి కంచంలో వేసింది. శోభ మళ్లీ అడిగింది.

“వాణ్నే అడుగు,” అంది పూలమ్మ, కంచం తీసుకుని లేస్తూ.

ఉన్న ఒక అనుమానం తీరితే దాని స్థానంలో ఇంకోటి వచ్చి కూర్చుంది. భూపాల్‌కు తెలియదని చెప్పడానికి అత్తకు ఎంతసేపు పడుతుంది? ఎందుకు చెప్పలేదు?

“సాయంత్రం నువ్వు బడికి వస్తున్నవు అత్తా. అందరి ముందర చెప్తవు.”

“వస్త.”

చెప్తానని మాత్రం అనలేదు.

*

బడిలో ఐదో తరగతి గది. పిల్లల బెంచీల మీద పెద్దవాళ్లు మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. కిటికీల దగ్గర ఆడవాళ్లు కిక్కిరిసి నిలబడ్డారు. కమిటీకి అధ్యక్షత వహించాల్సింది వార్డు కౌన్సిలర్. ఇంతవరకు జరిగిన కమిటీలన్నింటిలో టేబుల్ వెనుక రెండు కుర్చీలు వేసేవారు. ఒకదాంట్లో శోభ కూర్చునేది, రెండోదాంట్లో భూపాల్ కూర్చుని మాట్లాడేవాడు.

ఇవాళ కూడా అలవాటు ప్రకారం రెండు కుర్చీలే వేశారు. భూపాల్ కూర్చోబోయాడు.

“నువ్వు బెంచీ మీద కూసో బావా. కమిటీ మెంబరువు కావు కదా.”

గదిలో ఎవరో దగ్గారు. భూపాల్ చెవులు ఎర్రబడ్డాయి. వెళ్లి చివరి బెంచీ మీద, ఒక మూల కూర్చున్నాడు. ప్రశాంత్ రాలేదు. పూలమ్మ తలుపు పక్కన నేల మీద కొంగు నిండా కప్పుకుని కూర్చుంది.

బద్రుద్దీన్ కమిటీ తీర్మానాల పుస్తకం తెరిచి, పెన్ను మూత తీశాడు.

“ముందుగాల మన మెంబరు మాట ఇందాం.”

శోభ లేచి నిలబడింది. ఇన్నేళ్లలో ఆ టేబుల్ వెనుక నిలబడి ఆమె మాట్లాడటం అదే మొదటిసారి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“నేను సంతకం పెట్టిన మాట నిజం. మస్టర్ లెక్కన పెట్టిన. పెట్టి ఇంటికి వచ్చిన మాట గూడ నిజం. అది నా తప్పే. కని యార్డుకు నేను ఒప్పుకోలె. ఆ ముచ్చట వచ్చినప్పుడు నేను హాలుల లేను. వచ్చే మీటింగుల లేసి చెప్త. ఎవలు గుంజి కూసుండబెట్టినా కూసోను.”

కిటికీ దగ్గర ఆసియా కొంగు సర్దుకుంది. ఆమె ముఖంలో బిగువు కొంచెం సడలినట్టు అనిపించింది.

“బాగానే ఉన్నది,” అన్నాడు బద్రుద్దీన్. “మరి ఇంట్ల ఒప్పుకున్నది ఎవలు బేటీ?”

శోభ తలుపు వైపు చూసింది. పూలమ్మ గోడ పట్టుకుని లేస్తోంది. పెదవులు కదిలాయి కాని మాట రాలేదు.

“నేనే!”

అందరూ వెనక్కు తిరిగారు. భూపాల్ నిలబడి ఉన్నాడు.

“నేనే ఒప్పుకున్న. ముత్యం అడిగిండు, నేను సరే అన్న. శోభకు ఎర్కలేదు. ఇంకెవ్వలికి ఎర్కలేదు. నన్నేమంటరో అనున్రి.”

గది గోలెత్తిపోయింది. “సాబ్ అని పిలిచినందుకు మంచిగ చేసినవు!” అని ఒకరు, “పొద్దున పోసింది సరిపోలే, మళ్ల పొయ్యాలె!” అని ఇంకొకరు. పూలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడింది.

తల్లిని కాపాడటానికి అబద్ధమాడుతున్నాడా? లేక మొదటి నుంచీ తెలిసే ఉండి ఇప్పుడు ఒప్పుకున్నాడా? పొద్దున తనకు వీపు చూపించిన మనిషి ఇప్పుడు ఇంతమందికి ముఖం చూపించి నిలబడ్డాడు. ఆ ముఖంలో కూడా ఏమీ కనిపించలేదు.

బద్రుద్దీన్ టేబుల్ మీద కొట్టి గోల ఆపాడు.

“సరే, తేలిపోయింది. మెంబరు గైరుహాజరు, భర్త ఆమెకు తెల్వకుండ ఒప్పుకున్నడు, కమిటీ ఒప్పుకోదు. ఇట్ల రాస్త. అందరం దస్కత్ పెడుదం. రాయమంటవా బేటీ?”

రాయమంటే అయిపోతుంది. బస్తీ తనను నమ్ముతుంది, ఆసియా మళ్లీ ఇటుక పెడుతుంది, అత్త పరువు దక్కుతుంది. ఊ అంటే చాలు. కౌన్సిల్ హాల్లో కూడా అందరూ అలాగే ఊ అన్నారు.

“రాయకు చాచా.”

బద్రుద్దీన్ పెన్ను కాగితం మీదికి వచ్చి ఆగింది.

“ఒక్కటి అడగాలె.” శోభ భర్త వైపు తిరిగింది. గొంతు తనకే కొత్తగా వినిపించింది. “ఒప్పుకున్నవు, సరే. ముత్యం నీకేమిస్తనన్నడు బావా?”

భూపాల్ నోరు తెరిచాడు. చెప్పడానికి ఏదో వెతుక్కున్నాడు. దొరకలేదు. అప్పుడు, తనకు తెలియకుండానే, తల్లి వైపు చూశాడు.

గదిలో ఉన్న వాళ్లంతా కూడా అటే చూశారు.